ఆవిరి పడితేనే కనిపించేవాళ్ళు

"ఇంట్లో మనుషులుంటున్నట్టు కనపడకూడదని ముందే చెప్పాను కదండీ!"

బ్రోకరు గొంతు తగ్గించే అన్నాడు గానీ చిరాకు మాత్రం తగ్గలేదు. ఇల్లు చూడడానికొచ్చిన దంపతులు గేటు దగ్గర కారు దిగుతున్నారు.

"మీరు మధ్యాహ్నం వస్తామన్నారు. పొద్దున్నే ఊడిపడితే మనుషులు కనపడక దయ్యాలు కనపడతాయా?" అంది ఆమె. తలకి తువ్వాలు చుట్టి ఉంది. ఒక చేతిలో కూతురి స్కూలు బ్యాగు, ఇంకో చేతిలో ఎక్కడ పెట్టాలో తెలియని ఒంటి మేజోడు.

"ఆ మేజోడు నాకివ్వండి."

"ఎందుకు?"

"జేబులో పెట్టుకుంటాను. టైం లేదు మేడం, వెనక వైపు నుంచి వెళ్ళండి."

ఆమె మేజోడు అతని చేతిలో పడేసి, కూతుర్ని లాక్కుని వెనక గుమ్మంలోంచి బయటపడింది. ఆ పాపని అందరూ పిచ్చుక అంటారు. తిండి అలాగే తింటుంది, మాటలూ అలాగే మాట్లాడుతుంది.

ఆ ఇల్లు అమ్మకానికి ఉంది. యజమానురాలు ఒక రిటైర్డ్ నర్సు. ఇల్లు పాడుబడకుండా ఎవరైనా ఉంటే చాలని, మామూలు అద్దెలో మూడో వంతుకే ఈ తల్లీ కూతుళ్ళకి ఇచ్చింది. షరతులు రెండే. ఎవరైనా చూడడానికొస్తే తమ ఆనవాలు లేకుండా సర్దేసి బయటికి వెళ్ళిపోవాలి. ఇల్లు అమ్ముడుపోయిన నెలలోపు ఖాళీ చెయ్యాలి.

భర్తతో విడిపోయి, కాగితాల మీద కూడా అన్నీ తేలిపోయాక, కర్టెన్లు కుట్టే జీతంతో ఆమెకి దొరికిన నీడ ఇదొక్కటే. స్కూలు పక్క వీధిలోనే. ఈ ఇల్లు పోతే పాప స్కూలూ పోతుంది. అందుకే ఎవరైనా చూసి వెళ్ళిన ప్రతిసారీ 'నచ్చలేదు' అన్న మాట వినేదాకా ఆమెకి ముద్ద దిగేది కాదు.

ఆనవాలు లేకుండా బతకడం పిచ్చుక తొందరగానే నేర్చుకుంది. వేసిన బొమ్మల్ని గోడకి అంటించేది కాదు, సూట్‌కేసులో దాచేది. నీళ్ళు తాగిన గ్లాసు వెంటనే కడిగి తుడిచి పెట్టేది. అది చూసి చుట్టుపక్కల వాళ్ళు ఎంత బుద్ధిమంతురాలో అంటే, తల్లి ముఖం తిప్పుకునేది.

ఒక్క చోట మాత్రం పాప తన గుర్తు వదిలింది. స్నానాల గది అద్దం మీద ఆవిరి పట్టినప్పుడు వేలితో ఒక ముఖం గీసింది. ఆవిరి ఆరిపోతే మాయమయ్యేది. మళ్ళీ వేణ్ణీళ్ళు పట్టగానే తేలేది.

"ఇది ఎవరికీ కనపడదమ్మా. మనకే," అంది.

వారం తిరగకుండానే స్నానాల గదిలోంచి కేకేసింది. "అమ్మా! నా బొమ్మ పక్కన ఇంకొకరొచ్చారు!"

నిజంగానే రెండో ముఖం ఉంది. దానికి మీసాలు కూడా ఉన్నాయి.

"నువ్వే గీసి ఉంటావు."

"ఒట్టు! నాకు మీసాలు రావు."

"నీకు రావులే, ఎవరికొస్తాయో వాళ్ళనే అడుగు," అని నవ్వేసి ఆమె పనిలో పడింది. ఆ రోజంతా ఎందుకో మిషను మీద చెయ్యి తేలిగ్గా నడిచింది.

ఇల్లు చూడడానికి ఎవరొచ్చినా తల్లీ కూతుళ్ళు మూలమీది బస్‌స్టాప్‌లో కూర్చునేవాళ్ళు. ఒకసారి జోరున వాన. రేకు కప్పు చిల్లుల్లోంచి కారుతున్న నీళ్ళకి బల్ల మీద అటూ ఇటూ జరుగుతుంటే, చేతిలో తాళాల గుత్తితో బ్రోకరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. గొడుగుంది, కానీ చంకలో మడిచి ఉంది.

"తాళాల అంకుల్, గొడుగు తడుస్తుందని దాచారా?" అంది పిచ్చుక.

"మీకోసం పొడిగా తెచ్చానమ్మా."

"అమ్ముడుపోయిందా?" ఆమె అడిగింది.

"లేదండీ. వాళ్ళకి వాస్తు కుదరలేదట."

ఆమె ఊపిరి వదలడం అతను చూశాడు. చూడనట్టు గొడుగు విప్పాడు. దాని కిందకి ముగ్గురూ పట్టరు. అతను వానలోనే నడిచాడు.

ఆ తర్వాత ప్రతిసారీ ఏదో ఒక వంక. ఒకరికి వంటిల్లు ఇరుకు, ఇంకొకరికి వీధి పోటు. తనకి కాలం కలిసొస్తోందనుకుంది ఆమె. అంత మాట మనసులో అనుకోవడానికి కూడా భయపడింది.

ఆ వారమే నర్సు ఫోన్ చేసింది. "ఎవరైనా వస్తున్నారామ్మా? మా చెల్లెలింట్లో హాల్లోనే నా మంచం. వాళ్ళ పిల్లలు టీవీ కట్టేసేదాకా నాకు నిద్రుండదు. ఇల్లు అమ్ముడైతే చిన్న ఫ్లాటొకటి చూసుకుంటాను. నా తలుపు నేను వేసుకుని పడుకుంటే చాలు."

"వస్తున్నారండీ," అంది ఆమె.

పిచ్చుకకి జ్వరం వచ్చిన రోజున మళ్ళీ కొనేవాళ్ళొచ్చారు. ఈ ఒక్కసారికి వద్దని చెబుదామంటే బ్రోకరు ఫోను కలవలేదు. కారు ఆగిన చప్పుడు వినగానే పాపని దుప్పటితో సహా ఎత్తుకుని సామాన్ల గదిలో దూరి గడియ పెట్టుకుంది. ఒళ్ళు కాలిపోతున్నా పిచ్చుక తన నోటికి తానే చెయ్యి అడ్డం పెట్టుకుంది. చప్పుడు చెయ్యకూడదని ఎవరూ చెప్పనే లేదు.

బయట బ్రోకరు గొంతు వినిపిస్తోంది.

"ఇల్లు చూడడానికి బాగానే ఉంటుందండీ. కాకపోతే వానాకాలంలో ఈ గోడ చెమ్మెక్కుతుంది. పైపులు కూడా పాతవి. మీరు మంచివాళ్ళలా ఉన్నారు, దాచడమెందుకని చెప్తున్నాను."

వాళ్ళు థాంక్స్ చెప్పి మరీ వెళ్ళిపోయారు.

అది విని ఆమెకి ముందు కలిగింది కోపం కాదు. ఇంకొన్నాళ్ళు గడుస్తుందన్న నిశ్చింత. ఆ నిశ్చింతకే సిగ్గేసింది. గడియ తీసింది.

"ఏ గోడండీ చెమ్మెక్కేది?"

అతని చేతిలోంచి తాళాల గుత్తి జారిపడింది. "మేడం... మీరు లోపలే ఉన్నారా?"

"వానలన్నీ ఈ ఇంట్లోనే చూశాను. ఒక్క చుక్క కారలేదు. ఎప్పట్నుంచి ఈ నాటకం?"

"బస్‌స్టాప్‌లో మీరు తడిసిన రోజు నుంచి."

"అక్కడ ఆవిడ హాల్లో మంచమేసుకుని, ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని చూస్తోంది. నా మీద జాలితో ఆవిడని అక్కడ పడుకోబెట్టే హక్కు మీకెవరిచ్చారు?"

"జాలి కాదండీ."

"మరేమిటి?"

అతను వంగి తాళాలు తీసుకున్నాడు. "రోజూ ఖాళీ ఇళ్ళ తలుపులు తీస్తుంటాను. లోపల సున్నం వాసన తప్ప ఏమీ ఉండదు. ఆ వానకి ముందే ఒకరోజు ఇక్కడ తలుపు తీస్తే స్నానాల గది అద్దం మీద ఆవిరి, అందులో నవ్వుతున్న ముఖం. పక్కన చోటు కనిపించింది. ఆ మీసాల బొమ్మ నాదే."

భుజం మీద పిచ్చుక తలెత్తి, "చూశావా, నేను కాదన్నానా?" అని మళ్ళీ వాలిపోయింది.

ఆమె పాప మీద దుప్పటి సర్దింది. "ఈసారి వచ్చేవాళ్ళకి ఇల్లు నేను చూపిస్తాను. మీరు తలుపు తీసి పక్కన నిలబడండి."

అలాగే చూపించింది. వంటగట్టు మీద పొద్దుటి ఎండ ఎంతసేపు నిలుస్తుందో, బట్టలు ఏ కిటికీ దగ్గర తొందరగా ఆరతాయో, ఎంత వానొచ్చినా ఏ గదిలో నిశ్చింతగా నిద్ర పడుతుందో చెప్పింది. వింటున్న దంపతులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇల్లు అమ్ముడుపోయింది.

నర్సు ఫోన్‌లో ఏడ్చింది. ఈమె ఫోన్ పెట్టేశాక ఏడ్చింది.

అద్దె ఇళ్ళు అడిగి అడిగి నోరు ఎండిపోయింది. ఏ ఇంటివాళ్ళయినా ముందు అడిగేది "మీ ఆయన ఏం చేస్తారు?" అనే. చివరికి ఇన్నాళ్ళూ మొహమాటపడి అడగని మాట కర్టెన్ల షాపు యజమానిని అడిగింది. షాపు మీద గుడ్డల తానులు పడేసే గది ఉంది. తానులు ఒక వైపుకి జరిపి, మిగతా సగంలో ఉండమన్నాడు. వేసవిలో కాలిపోతుంది. స్కూలు దూరమే అయినా బస్సుంది.

ఖాళీ చేసే రోజు చివరిసారి స్నానం చేశాక, ఆవిరిలో తేలిన రెండు ముఖాల్నీ ఆమె సబ్బు గుడ్డతో తుడిచేసింది. పిచ్చుక కళ్ళనిండా నీళ్ళతో చూసింది.

"ఈ అద్దం ఇంక వేరేవాళ్ళది నాన్నా," అంది తల్లి.

బ్రోకరు ఆ రోజు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఆమే వద్దంది. వద్దన్నాక కూడా మెట్ల మీద అడుగుల చప్పుడైతే మిషను ఆపి వింటూనే ఉంది.

మబ్బు పట్టిన ఒక సాయంత్రం ఎవరో తలుపు కొట్టారు. అతనే. చొక్కా భుజాల మీద చినుకులు, చంకలో కాగితం చుట్టిన పలకలాంటిదేదో.

"ఇల్లు చూడడానికొచ్చానండీ."

"ఇది అమ్మకానికి లేదు."

"తెలుసు. ఊళ్ళో సగం ఇళ్ళ తాళాలు నా దగ్గరున్నాయి. దీనిది లేదు, అందుకే తలుపు కొట్టాను." భుజాల మీది చినుకులు దులుపుకున్నాడు. "నర్సుగారికి నేను చేసిందంతా చెప్పాను. నా కమిషను వదిలేశాను. బాగా తిట్టారు. తిట్టి తిట్టి, ఆ అమ్మాయికి కూడా క్షమాపణ చెప్పి రమ్మన్నారు."

"ఆవిడ చెప్పమన్నారని వచ్చారా?"

"అదొక వంక. ఇదింకొకటి," అంటూ జేబులోంచి ఒంటి మేజోడు తీశాడు. "మొదటి రోజు నుంచీ నా దగ్గరే ఉండిపోయింది."

ఆమె వెనక్కి చూసింది. నేల మీద మేజోళ్ళు, కడగని గ్లాసు. గోడ నిండా పిచ్చుక అంటించిన బొమ్మలు. సర్దాలని చెయ్యి కదిలింది. మళ్ళీ ఆగింది.

"ఏదీ సర్దలేదు," అంది.

"వద్దు. అలాగే చూడాలనుంది."

ఆమె తలుపుకి అడ్డం తొలగింది.

కాగితంలో ఉన్నది కొత్త అద్దం. పిచ్చుక అప్పటికే నీళ్ళు కాగుతున్న గిన్నె దగ్గరికి దాన్ని మోసుకుపోయి ఆవిరి పట్టించింది. ముందు తన ముఖం గీసుకుంది. పక్కన అమ్మని గీసింది. వేలు గాల్లోనే ఆపి తల్లి వైపు చూసింది.

"మీసాలు ఎవరు వెయ్యాలి?"

అతను కదల్లేదు. ఆమె చేతిలోని సూదిని కర్టెన్ గుడ్డకి గుచ్చి లేచి వచ్చింది. ఆవిరి ఆరిపోకముందే, మూడో ముఖం తనే గీసింది.