అతిథి మెచ్చిన రింగు

"ఈ మధ్యాహ్నమే అప్పీలు. ఓడితే డిజైన్ విదేశీ ముఠా పాలు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ ఒల్జాస్ ఎన్నో మిషన్లు చూశాడు గానీ, ఒక పిస్టన్ రింగు కోసం వెళ్లడం ఇదే మొదలు. స్టెప్పీ గడ్డిమైదానాల దుమ్ముకి కూడా అరగని రింగు అది. అల్మాటీ ఇంజనీర్ ముసాబెక్ జీవితమంతా దానికే ధారపోశాడు. తీరా పేటెంట్ అడిగితే, అలాంటిదే విదేశీ ఎగ్జిబిషన్‌లో ముందే కనిపించిందని తిరస్కరించారు. మోసంతో బయటికి పోయిందని రుజువైతేనే ఆ తిరస్కరణ రద్దవుతుంది.

పట్టుకుపోయింది దిలారా. అప్పుడు ముఠాకి ఏజెంటు, ఇప్పుడు మనకీ ఏజెంటే. ముసాబెక్ ఇంట్లో కడుపునిండా తిని, రింగు చూసి ఎంత బావుందో అంది. అక్కడి ఆచారంలో అతిథి మెచ్చిన వస్తువు అతిథిదే కదా! పెద్దాయన గుడ్డతో తుడిచి మరీ చేతిలో పెట్టాడు. ఆమె మనసు మారి మన చీఫ్‌కి చెప్పేసరికి ఎగ్జిబిషన్ అయిపోయింది.

లాయరు గుమాస్తా వేషంలో, కోటు బొత్తాంలో మైకుతో ఒల్జాస్ పేటెంట్ అప్పీళ్ల బోర్డు ముందు కూర్చున్నాడు. మోసపోయానని ఒక్క మాట చెప్పమని ముసాబెక్‌ని దారి పొడుగునా బతిమాలాడు. గోడకి చెప్పుకున్నట్టే అయింది.

ఛైర్మన్ అడిగితే పెద్దాయన తల దించుకున్నాడు.

"నా ఇంట్లో తిన్న పిల్లని దొంగ అనలేనయ్యా. మెచ్చుకుంది. ఇచ్చాను."

ఛైర్మన్ నిట్టూర్చి, అప్పీలు కొట్టేయడానికి పెన్ను తీశాడు. అప్పుడే తలుపు తెరుచుకుని దిలారా లోపలికి వచ్చింది. నల్లకళ్లద్దాలు, బంగారు రంగు విగ్గు తీసి బల్ల మీద పడేసింది. పక్కనే రింగు పెట్టింది.

"ఈయన ఇచ్చింది అతిథికి. నేను అతిథిగా వెళ్లలేదు, కాజేయడానికి వెళ్లాను. రాసుకోండి."

ముసాబెక్ వైపు తిరిగింది. "మీ రొట్టె గొంతు దిగలేదు, అగా," అంది, సొంత పెద్దన్నని పిలిచినట్టు.

వేషం తీసిన ఏజెంటుకి ఆయుష్షు ఉండదని ఒల్జాస్‌కి తెలుసు. మనవాళ్ల కారు వచ్చేదాకా ఆగమన్నాడు. ఆమె ఆగలేదు. బయట మెట్ల మీద తుపాకీ పేలింది. మనవాళ్లు ముఠాని అక్కడికక్కడే పట్టుకున్నారు, కానీ ఆమెకి ఆ సంగతి తెలియలేదు.

పేటెంట్ వచ్చింది. శుక్రవారం ఒల్జాస్ దాన్ని తీసుకెళ్లేసరికి ముసాబెక్ పొయ్యి దగ్గర నిలబడి, చనిపోయినవాళ్ల పేరున వేయించే ఏడు రొట్టెలు వేయిస్తున్నాడు. కాగితం వంక చూడనైనా లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆమె నా అతిథే, అబ్బాయ్," అన్నాడు మొదటి రొట్టె అతని చేతిలో పెడుతూ. "ఈ మాట బోర్డుకి చెప్పకు. మళ్లీ తిరస్కరిస్తారు."