నారుమడి మీద అమ్మ చీరలు

ఆ రోజు తెల్లవారుతూనే ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. గాలి లేదు, మబ్బు తునక లేదు. రోహిణి కార్తె ఇంకా రానేలేదు, మోత్కూరు పక్క చెలకల్లో రాళ్ళు అప్పుడే కాలుతున్నాయి. ఇట్లాంటి ఎండకే పోయినేడు లింగయ్య పోసిన టమాట నారంతా మాడిపోయింది. ఈసారి కూడా పోతే మేస్త్రీ వెంట బొంబాయి పోతానన్నాడు.

అందుకే అతని భార్య నాగులమ్మ మూడు మళ్ళకూ గుంజలు పాతి, కాలం చేసిన అత్త పాత చీరలు పందిరిలా కట్టింది. ఎండ జల్లెడ పట్టినట్టు దిగి, నారు బెత్తెడు పచ్చగా లేచింది. నారుకు కొంగు కప్పినవు, పెండ్లెప్పుడు జేస్తవని ఊరు నవ్వింది. ఆమె పట్టించుకోలేదు.

తల్లి చీరలు కూతురి హక్కని నాగులమ్మకు తెలుసు. మంచివి రెండూ ఆడబిడ్డ కోసం పెట్టెలో దాచింది. చినిగినవే కట్టింది... అదే తన తప్పవుతుందని ఆ పిచ్చితల్లికి తెలియదు!

పొద్దెక్కేసరికి ఆడబిడ్డ బిక్షమ్మ వచ్చింది. తల్లి రోజూ కట్టిన ఎర్రంచు చీర గుంజల మీద కనబడగానే కూలబడింది. నాగులమ్మ తెచ్చిన మంచి చీరలను ముట్టనైనా ముట్టలేదు.

"గవి ఎవలికి గావాలె వదినె? అమ్మ గవి రెండుసార్లన్న గట్టిందా? గీ పాతవాట్లనే నా తల్లి వాసన ఉండె. నువ్వు ఎరువు కంపు పట్టిచ్చినవ్."

చెల్లెలి ఏడుపు చూడలేక లింగయ్య ముడులు విప్పసాగాడు. నాగులమ్మ అతని చేయి పట్టుకుంది.

"పొద్దుగూకేదాక జర ఆగు. నీడల పెరిగిన నారు, గీ ఎండకు తట్టుకోదు..."

"మా అమ్మకంటె నారెక్కువైందా నీకు?" అని విదిలించుకుని, రెండు మళ్ళ చీరలూ విప్పి చెల్లెలి ఒళ్ళో పెట్టాడు.

మధ్యాహ్నానికి ఆ రెండు మళ్ళ నారు వాడి నేలకు అంటుకుంది. బావి నుంచి బిందెలతో నీళ్ళు తెచ్చి పోసినా లేవలేదు. ముడులు బిగుసుకుని రాలేదని అతను వదిలేసిన మూడో మడి ఒక్కటే పచ్చగా ఉంది. బిక్షమ్మ అటూ ఇటూ చూసింది. లేచి, ఒళ్ళో ఉన్న చీరను మాడిన మడి మీద పరచబోయింది.

"ఇంక దేనికి బిడ్డా?" అంది నాగులమ్మ. మాట మెత్తగానే ఉంది. బిక్షమ్మ చేయి మాత్రం గాలిలోనే ఆగిపోయింది.

"ఒక్క మడి అరెకరానికి గూడ సాలది. రేపు పొద్దుగాల మేస్త్రీతోని పోత," అన్నాడు లింగయ్య, ఎవరి ముఖమూ చూడకుండా.

పొద్దు వాలాక నాగులమ్మ జొన్నగట్క దించి, పచ్చిపులుసు కలిపింది. ఆనవాయితీ తప్పకుండా ఆడబిడ్డకే మొదట వడ్డించింది. ముగ్గురూ వాకిట్లో కూర్చుని తిన్నారు. ఎవరూ మారు అడగలేదు.