సరోజనమ్మ ఇంట్ల టేపు

చిల్పూరు దాటినంక బుగులు గుట్ట దిక్కు పోయే బాటల అదే ఆఖరి ఇల్లు. పొద్దుగూకితే దాని ముంగటనుంచి ఎవలు నడిచేటోళ్లు కాదు. సైకిలోళ్లు పక్కకు సూడకుండ తొక్కుడే. ఆ ఇంటామె చచ్చిపోయిన కొడుకు లోపట్నుంచి పిలుస్తడట...

"అవ్వా... ఆకలైతుంది. అన్నం పెట్టవే..."

నాకు ఈ ముచ్చట చెప్పింది నిరంజన్. జనగామల రేడియోలు బాగుచేసేటోడు. అబద్ధమాడే మనిషి కాదు. ఎక్కువ మాట్లాడే మనిషి సుత కాదు.

ఎనభైమూడుల, వానకాలం. తారి అని ఓ లంబాడ ముసలామె ఆయన దుకాణానికి వచ్చింది. ఆ ఇంట్ల ముప్పై ఏండ్లసంది పనిచేస్తున్నదట.

"మా అమ్మ నిన్ను రమ్మన్నది బిడ్డా. టేపు ఇప్పాలె. పెట్టె మాత్రం ఇల్లు దాటొద్దంటది."

ఆమె చెప్పిన సంగతి ఇది. సరోజనమ్మకు ఒక్కడే కొడుకు, జగన్మోహన్. అరవైతొమ్మిదిల తెలంగాణ ఉద్యమం నడుస్తుంటే ఊరేగింపుకని వరంగల్ పోయిండు. మూడోనాడు పీనుగై వచ్చిండు. పోయే ముందటి రాత్రి, తండ్రి కొన్న రీళ్ల టేపు రికార్డరుల ఏందో మాట్లాడి పెట్టిండు. దినాలయినంక విందామని తిప్పితే రీలు లోపట చుట్టుకపోయింది. తండ్రి సుత కాలం చేసిండు. టేపు తెగిపోతదన్న భయానికి సరోజనమ్మ దాన్ని ఎవలనీ ముట్టనియ్యలే. పద్నాలుగేండ్లు.

"మరి ఇప్పుడెందుకు?"

"ఒక చెవి పోయింది. రెండోది పోకముందే వినాలెనట."

నిరంజన్ దుకాణం మూసి, సాయంత్రం బస్సెక్కిండు.

సరోజనమ్మ గడపల నిలబడ్డది. నవ్వలేదు, ఏడ్వలేదు. "అగో, అండ్ల ఉన్నది" అని చెయ్యి చూపెట్టింది. అంతే.

పెట్టె కరెంటు తీగ గోడ ప్లగ్గుకే ఉన్నది. పీకిండు. పీకి, ఊకె కూసున్నడు.

"ఇప్పవేంది బిడ్డా?"

"జర ఆగాలెనమ్మా. తీగ పీకినా లోపట కండెన్సర్ల కరెంటు ఉంటది. ముట్టుకుంటే మనిషిని ఇడ్సిపెట్టది."

ఆమె తల ఊపింది.

కాసేపయినంక మూత మరలు ఇప్పి, ఏ మూలది ఆ మూలకే పళ్లెంల పెట్టిండు. చెక్కపిడి ఉన్న స్క్రూడ్రైవరు ఒక్క చేత్తోనే పట్టుకున్నడు, ఇంకో చెయ్యి ఈపు ఎనక పెట్టుకున్నడు. మిగిలిన కరెంటు దిగిపోవాలెనని బల్బు తీగలు కండెన్సరుకు ఆనిచ్చిండు. బల్బు ఒక్కపారి మినుకుమన్నది, ఆరిపోయింది.

లోపట రబ్బరు చక్రం కరిగి బెల్లం పాకం లెక్కున్నది. టేపు దానికే అంటుకున్నది. గుంజితే తెగుతది. దూదికి స్పిరిట్ అద్ది, చక్రాన్ని మాత్రమే తడుపుకుంట, వెంట్రుకంత, వెంట్రుకంత ఊడదీసిండు. గంటన్నర. సరోజనమ్మ సూసుకుంట సూసుకుంట లేచి లోపలికి పోయింది.

సరిగ్గ అప్పుడే ఊర్ల కరెంటు పోయింది.

చీకటి... వాన సప్పుడు...

"అవ్వా..."

నిరంజన్ చెయ్యి ఆగింది.

"అవ్వా... ఆకలైతుంది. అన్నం పెట్టవే..."

పడుసు పిలగాని గొంతు. సన్నగ, గారంగ. పెట్టె ఆయన ముంగట ఇప్పి ఉన్నది — రీళ్లు ఒళ్లె ఉన్నయి. మరి గొంతు ఎక్కడ్నుంచి?

"వస్తున్న బిడ్డా..." అని సరోజనమ్మ జవాబు చెప్పింది.

నిరంజన్ దూది కింద పెట్టి లేవబోయిండు. కందిలి పట్టుకొని తారి పక్కన నిలబడ్డది.

"భయపడకు బిడ్డా" అన్నది, గుసగుసగ. "గది అమ్మనే."

"ఏంది?"

"రెండు గొంతులు అమ్మయే. కొడుకు గొంతు మర్సిపోతనేమో అని, దినాము ఒక్కపారి వాని లెక్క పిలుసుకుంటది. మల్ల తనే పలుకుతది. పద్నాలుగేండ్ల సంది."

ఇంత దానికా ఊరంత బాట ఇడిసింది! నిరంజన్ కు నవ్వు రాలే. ఏడుపు రాలే. దూది తీసుకొని కందిలి ఎల్తుర్ల మల్ల పని మొదలుపెట్టిండు.

తొమ్మిదిన్నరకు కరెంటు వచ్చింది. కొత్త చక్రం, కొత్త బెల్టు ఏసిండు. పాత పెట్టె, ఒక్కసారే ఇస్తే కాలుతదని మధ్యల బల్బు కలిపి, మెల్లగ కరెంటు ఇచ్చిండు. కాలలే. రీలు తిరిగింది.

సరోజనమ్మ మంచి చెవి దాని దిక్కు పెట్టి కూసున్నది.

గరగర... గరగర... తర్వాత బండ గొంతు, జలుబు చేసినట్టు. "నేను జగన్మోహన్ ని. అవ్వా, పొద్దుగాల లేపకు, నేనే లేస్త. టిఫిను గట్టకు, దోస్తులు నవ్వుతరు..."

తారి గోడకు ఆనుకొని కిందికి జారింది. "మా చిన్న దొర..." అని కొంగు నోట్ల కుక్కుకున్నది.

సరోజనమ్మ మొకంల ఏం కదల్లేదు. రీలు ఆఖరుదాక విన్నది.

"ఎవలిది బిడ్డా ఈ గొంతు?"

నిరంజన్ రీలు బందు చేసిండు. "పేరు చెప్పిండు కదమ్మా..."

"పేరు చెప్పిండు." పెట్టె దిక్కు నుంచి మొకం తిప్పుకున్నది. "మావోని గొంతు గిట్ల ఉండదు. మూసెయ్."

మూసిండు. ఏ మర ఆ మూలకే బిగించిండు. ఆఖరి బస్సు ఎప్పుడో పోయింది. తారి అరుగు మీద సాప పరిసింది.

నిద్ర పట్టలే. నడిజాముల గోడ అవుతల గొంతు.

"అవ్వా..."

సన్నగ, గారంగ. దినాము లెక్కనే. ఆగింది.

"అవ్వా..."

ఈసారి జర బొంగురు. మల్ల ఆగింది. దగ్గు. నీళ్లు తాగిన సప్పుడు. చాలసేపు ఏం లేదు.

"అవ్వా... పొద్దుగాల లేపకు. నేనే లేస్త..."

నిరంజన్ అరుగు మీద లేచి కూసున్నడు. దినమంత గొంతులు సరిచేసే మనిషి ఆయన. ఎంత చెవులు రిక్కించినా — టేపుల గొంతుకు, ఈ గొంతుకు తేడా తెల్వలేదు.