ఏషియన్ హైవేపై ఎర్ర చుక్క

"ఆ లారీ బాలిలో బయల్దేరింది. జావా దాటి, ఓడెక్కి, సముద్రం దాటి సింగపూర్ చేరింది. ఇక వంతెన మీదుగా మలేషియా, థాయ్‌లాండ్, బర్మా, చివరికి మన దేశం. ఏషియన్ హైవే మీద ఇదే తొలి ట్రయల్ రన్," అన్నాడు చీఫ్ విశ్వనాథం. సింగపూర్‌లోని వన్-నార్త్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ బోర్డు వెనక ఉంది ఆయన ఆఫీసు.

"ప్రాబ్లమ్?" అడిగాడు ఏజెంట్ ఉదయ్‌కిరణ్.

"లారీలో బాంబు పెట్టారు. వంతెన మధ్యలో పేల్చాలని ఒక విదేశీ ముఠా ప్లాన్. లారీని ఆపితే అక్కడే పేల్చేస్తారు. డ్రైవర్ మారయ్యకు పాపం ఏమీ తెలియదు. ముందు ట్రిగ్గర్ దొరకాలి. అది క్లెమెంటి హాకర్ సెంటర్‌లో చేతులు మారుతుందని కీర్తిక కబురు పంపింది. ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తోంది. ఆమె కుటుంబం నాలుగు తరాలుగా ఇక్కడిదే. కోడ్‌వర్డ్, పెసరట్టు."

సోడాబుడ్డి కళ్లద్దాలు, వీపున బ్యాగు తగిలించుకుని, రీసెర్చ్ స్టూడెంట్ వేషంలో ఉదయ్ క్లెమెంటి చేరాడు. వరసగా తిండి దుకాణాలున్న హాకర్ సెంటర్ కిటకిటలాడుతోంది.

"పెసరట్టు దొరుకుతుందా?" వెనక నుంచి తియ్యటి గొంతు.

ఆకుపచ్చ సిల్కు గౌనులో కీర్తిక. చూడగానే ఉదయ్‌కి మనసు జారింది. డ్యూటీలో ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఆమె ఒక టేబుల్ మీది టిష్యూ ప్యాకెట్టును పక్కకు నెట్టి దర్జాగా కూర్చుంది.

ఉదయ్ ఫోన్‌లో లారీ ఒక ఎర్ర చుక్క. వంతెన వైపు పాకుతోంది. అతను కాలు కాలిన పిల్లిలా లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

"ఏడీ, ట్రిగ్గర్ తెచ్చే మీవాడు?"

"వస్తాడు లా," ఇక్కడివాళ్లలాగే మాట చివర 'లా' తగిలించింది. "ముందు మకాన్ చేద్దాం, ఏం తింటారు?"

ఇంతలో బీహూన్ నూడుల్స్ ప్లేటుతో ఒక పెద్దావిడ ఊడిపడింది. వీళ్ల తెలుగు విని తెలుగులోనే అందుకుంది.

"ఏం పాపా, టిష్యూ పెట్టి చోప్ చేసిన టేబుల్ లా ఇది! కళ్లు కనబడవా?"

"చోప్ అంటే? ఎవరో టిష్యూ మర్చిపోయారనుకున్నా ఆంటీ," అంది కీర్తిక.

ఉదయ్ ఆమె వైపు తేరిపార చూశాడు. వచ్చిన కొత్తలో తనూ ఇదే తప్పు చేసి తిట్లు తిన్నాడు. టేబుల్ మీద టిష్యూ ఉంటే ఆ చోటు రిజర్వ్ అయినట్టేనని ఇక్కడ పుట్టిన పసివాడికైనా తెలుసు. అంటే ఈమె ఇక్కడి మనిషి కాదు! ఆ కబురూ అబద్ధమే. తనను వంతెనకు దూరంగా తెచ్చి కూర్చోబెట్టింది.

ఎర్ర చుక్క వంతెన మధ్యకు చేరింది. కీర్తిక హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. అద్దం మాత్రం తీయలేదు.

ఉదయ్ టేబుల్ మీదుగా దూకాడు. బీహూన్ ప్లేటు గాల్లోకి ఎగిరింది. ఆమె బొటనవేలు లిప్‌స్టిక్ అడుగున ఉన్న బటన్‌ను తాకబోతుండగా మణికట్టు మెలితిప్పి దాన్ని లాక్కున్నాడు. బ్యాటరీ ఊడబెరికాడు.

"తెలుగు మాత్రం బాగా నేర్పారు నీకు," అన్నాడు. అతనికి నిజంగానే బాధేసింది.

"మరి నా మకాన్?" అంది ఆంటీ.

పోలీసులు కీర్తికను తీసుకెళ్లాక ఉదయ్ ఆదరాబాదరా మారయ్యకు ఫోన్ చేశాడు.

"బాంబు తీశారా మారయ్యగారూ?"

"తీశారు సార్, పోలీసులు నడిచొచ్చి తీశారు. లారీ కదిలితే కదా! అయినా ఈ రోడ్డు ఆపడానికి బాంబెందుకు సార్, శుక్రవారం సాయంత్రం ట్రాఫిక్ చాలదూ?"