దక్షిణం తలుపు

ఒక్క అక్షరం అబద్ధమైనా నా కట్టుడు పళ్ళు నన్నే కరవాలి, దేవిశ్రీ! పక్కింటి పిల్లవి గనక నీకు చెబుతున్నాను.

మారేడ్‌పల్లిలో ఈ పాత బంగళా కొన్నప్పుడు, అమ్మిన జెరెమియా గారు మా అబ్బాయి విష్ణువర్ధన్‌ని ఒక్కటే కోరారు. "దక్షిణం తలుపు ముయ్యకుండ్రి సార్. మా ఇంట్ల పోయినోళ్ళంత గా తొవ్వనే పోయిండ్రు."

శవపేటికల సంగతి కాబోలనుకున్నాం. మావాడు ఆర్కిటెక్టు. కట్టడమంటే గోడలు కాదు, గోడల మధ్య మనిషి నడిచే దారి అని లోకమంతటికీ పాఠాలు చెబుతాడు. తన ఇంటికొచ్చేసరికి వాస్తు గుర్తొచ్చి, ఆ దారి కాస్తా ఇటుకలతో పూడ్చేశాడు.

నిన్న సాయంత్రం ఏనుగులు కొట్టుకుపోయేంత వాన. కరెంటు పోయింది. ఆ పూడ్చిన తలుపు గదిలో నేనూ, ఏడో నెల కడుపుతో మా కోడలు సింధూరా ఉన్నాం. ముందు తడి సిమెంటు వాసన. తర్వాత వాడిన పూలు, కరిగిన కొవ్వొత్తుల వాసన.

అడుగుల చప్పుడు. గోడ దాకా వచ్చి ఆగింది. వెనకాల ఇంకొకటి. ఆ వెనక సికిందరాబాదు స్టేషనంత జనం!

గోడను గోళ్ళతో గోకుతున్నారు... అవతల నుంచి కాదమ్మా. ఇవతల నుంచి. మేమున్న గదిలోంచి.

"ఎవరూ?" అన్నాను.

గోకడం ఆగింది. అడుగులన్నీ మా వైపు తిరిగాయి.

"అత్తయ్యా... నా పక్కన ఎవరో..." సింధూర గొంతు మధ్యలో తెగింది. మళ్ళీ దాని నోట పలికింది మగగొంతు.

"జెర తొవ్వ ఇయ్యి బిడ్డా..."

భీమవరం పిల్ల. తొవ్వ అంటే దారి అని దానికెలా తెలుస్తుంది?

ఒళ్ళు తొమ్మిది వాకిళ్ళ ఇల్లు అంటారు చూడు... దాని నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. చల్లగాలి నా చెంప రాసుకుంటూ అందులోకి పోయింది. ఒకటి... ఇంకొకటి... ఇంకొకటి...

కడుపు మీద చెయ్యి వేశాను. లోపల బిడ్డ తన్నడం లేదు. ఎవరో నడుస్తున్నారు.

పొద్దున్నే విష్ణు ఏడుస్తూ గోడ పగలగొట్టాడు. డాక్టరమ్మ వచ్చి చూసి, బిడ్డ భేషుగ్గా తిరుగుతోందంది. తలుపు తెరిచే ఉంది. ఒక్కళ్ళూ బయటికి పోలేదు తల్లీ. కొత్త ఇల్లు నచ్చినట్టుంది.

సింధూర నేనిస్తే తాగడం లేదు. ఈ పాలు నువ్వు ఇచ్చిరా. పలకరిస్తే తలాడించు, చాలు. నోరు మాత్రం తెరవకు.