నవ్వు షాట్

దెయ్యాలు రాత్రే తిరుగుతాయని ఎవరు చెప్పారో గానీ, వాళ్ళు మిట్టమధ్యాహ్నం ఫిల్మ్ నగర్‌లో ఏ స్టూడియో ఫ్లోర్ లోపలికీ వెళ్ళి ఉండరు. బయట ఎండలో ఆటోలూ, షూటింగ్ వ్యాన్లూ హారన్లు మోగిస్తూ ఉంటాయి. లోపల తలుపు మూస్తే ఏ పూటో తెలీదు. కొత్త రంగు వాసన, ప్లైవుడ్ వాసన, నల్ల గుడ్డలు కప్పిన గోడలు. మధ్యలో పూల్ టేబుల్, దాని మీద ఒక్క దీపం.

నా పేరు స్టెఫీ. జూబ్లీహిల్స్‌లో ఒక క్లబ్బులో పూల్ నేర్పిస్తాను. నాకు నేర్పింది మా అన్నయ్య బెన్సన్. సినిమాలో హీరో పూల్ ఆడుతుంటే, దగ్గరగా చూపించే చేతులు చాలాసార్లు మా అన్నయ్యవే. "నా మణికట్టుకి ఫ్యాన్స్ ఉన్నారే, ముఖానికే లేరు" అనేవాడు.

ఈ సినిమాలో హీరో స్నేహితుణ్ణి చంపి పూల్ టేబుల్ మీద పడేస్తారు. శవం వేషం వేయాల్సిన నటుడు రాకపోతే, అక్కడే ఉన్న అన్నయ్యని పడుకోబెట్టారు. సినిమావాళ్ళకో ఆనవాయితీ ఉంది. శవంగా పడుకున్న మనిషి, షాట్ అయ్యాక కెమెరాలోకి చూసి నవ్వాలి. ఆ నవ్వు సినిమాలో ఉండదు. కానీ తీస్తారు. తీయకపోతే ఆ చావు మనిషిని అంటుకునే ఉంటుందని భయం. ఆ రోజు షాట్ అవగానే కరెంటు పోయింది. జనరేటర్ ఎంతకీ స్టార్ట్ కాలేదు. "మేం చర్చికి వెళ్ళేవాళ్ళమండీ, మాకివేం పట్టవు" అని అన్నయ్య ఆ నవ్వు ఇవ్వకుండానే బట్టలు దులుపుకుని ఇంటికొచ్చేశాడు. భోజనాల దగ్గర ఆ సంగతి చెప్తే నేనూ నవ్వాను. ఆ వారంలోనే, టోలిచౌకి వైపు దిగే రోడ్డులో బండి జారి, తల రాయికి తగిలి పోయాడు.

మిగిలిన ఒక్క షాట్‌కి డైరెక్టర్ పృథ్వీరాజ్ గారు నన్ను పిలిచారు. తెల్ల బంతి వెళ్ళి, నల్ల బంతిని పాకెట్‌లో పడేసి, వెనక్కి దొర్లుకుంటూ వచ్చి, టేబుల్ మధ్యలో చాక్‌తో పెట్టిన గుర్తు మీద ఆగాలి. "అవకపోతే గ్రాఫిక్స్‌లో చేసేద్దాం అండీ, టెన్షన్ పడకండి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అన్నయ్య చేతులు ఉండాల్సిన చోటది. దాన్ని కంప్యూటర్‌కి వదిలేస్తానా? ఆ షాట్ నేనే కొట్టాలి, వాడు వదిలేసిన పని నా చేత్తోనే పూర్తవాలి. అంతే అనుకున్నాను.

అందరూ భోజనాలకి వెళ్ళారు. ప్రాక్టీసు కోసం నేనూ, కెమెరామన్ శ్రీకాంతన్నా మిగిలాం.

క్యూ కర్ర కొనకి చాక్ రుద్దాను. తెల్ల బంతిని నడిమికి కాస్త కింద కొడితేనే అది వెనక్కి తిరుగుతుంది. మణికట్టు వదులుగా ఉండాలి. క్యూ బంతిని దాటి ముందుకి పోవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది అన్నయ్య నా నెత్తిన మొట్టి మరీ నేర్పాడు: "కొట్టాక లేవకే. బంతి ఆగేదాకా వంగే ఉండు."

కొట్టాను. నల్లది పడింది. తెల్లది వెనక్కొచ్చి, గుర్తుని దాటి, నా వైపు అంచు దగ్గర ఆగింది. బలం ఎక్కువైందనుకుని తగ్గించాను. మళ్ళీ అక్కడే ఆగింది. ఇంకా తగ్గించాను. ఆ దెబ్బకి అది సగం దూరం కూడా రాకూడదు. గుడ్డ మీద సన్నగా రాసుకుంటూ... నెమ్మదిగా... గుర్తు మీదుగా... అక్కడికే వచ్చింది.

టేబుల్ వాలిందేమోనని గుర్తు మీద ఇంకో బంతి పెట్టి చూశాను. కదల్లేదు.

బంతిని అదుపులో పెట్టుకోవడమంటే అనుకున్నచోట ఆపడం. ఎవరో ఆపుతున్నారు. అది నేను కాదు.

"శ్రీకాంతన్నా... చూస్తున్నావా?"

ఆయన దగ్గరికొచ్చి టేబుల్ అంచు మీద చెయ్యి పెట్టాడు. "గీడనే..." అన్నాడు గుసగుసగా. "గీడనే బెన్సన్ తల పెట్టి పండుకున్నడు."

నొప్పులకి రాసుకునే బామ్ వాసన వచ్చింది. ఆటకి ముందు అన్నయ్య మణికట్టుకి రాసుకునేది. నాకు భయం కంటే ముందు ఆశ కలిగింది. మళ్ళీ వంగి కొట్టాను. లేవబోయాను. వీపు మీద అరచేయి. చల్లగా... బరువుగా...

"లేవకే."

బంతి ఆగేదాకా ఆ చెయ్యి తీయలేదు.

"శ్రీకాంతన్నా, వాడి నవ్వు తియ్యి. అందుకే వచ్చాడు."

"ఖాళీ టేబుల్ మీద ఏం తియ్యాలె? ముఖం ఉండాలె గద."

"నేను పడుకుంటా. మా ఇద్దరిదీ ఒకటే ముఖమంటారుగా."

"వద్దు చెల్లె. గట్ల చెయ్యరు. ఒకరి నవ్వు ఇంకొకరు ఇయ్యొద్దు."

నేను వినలేదు. టేబుల్ ఎక్కి, ఆ అంచు దగ్గరే తల పెట్టుకుని పడుకున్నాను. ఆయన వద్దంటూనే కెమెరా ఆన్ చేశాడు. మొదట ఏడుపొచ్చింది. తర్వాత వాడి మణికట్టు ఫ్యాన్స్ గుర్తొచ్చి నిజంగానే పకపకా నవ్వాను. ఫ్లోరంతా మోగింది. బామ్ వాసన పోయింది.

దిగి కొట్టాను. తెల్ల బంతి బుద్ధిగా వచ్చి గుర్తు మీద ఆగింది.

అందరూ వచ్చాక మొదటి టేకే ఓకే అయింది. "అచ్చం బెన్సన్ గారేనండీ!" అన్నారు పృథ్వీరాజ్ గారు. షూటింగ్ అయిపోయిందని గుమ్మడికాయ కొట్టారు. సెట్ గోడలు పీకడం మొదలుపెట్టారు. అన్నయ్యని నవ్వుతూ సాగనంపానన్న తృప్తితో టీ తాగుతుంటే, శ్రీకాంతన్న నన్ను మానిటర్ దగ్గరికి పిలిచాడు. వేలితో చూపించాడు.

టేబుల్ మీద నేను. నవ్వు వినిపిస్తోంది, నా నవ్వే. భుజాలు కదులుతున్నాయి. పెదాలు మాత్రం... మూసుకునే ఉన్నాయి. కళ్ళు తెరుచుకుని కెమెరాలోకి చూస్తున్నాయి.

"మళ్ల తీద్దాం చెల్లె," అన్నాడు. "ఇప్పుడే. ఆ నవ్వు బెన్సన్‌కి పోయింది. గిది నీది."

తీశాడు. మళ్ళీ తీశాడు. దవడలు నొప్పెట్టేదాకా నవ్వాను. మానిటర్‌లో అదే మూసిన నోరు.

ఇప్పుడు క్లబ్బులో ఎలా కొట్టినా తెల్ల బంతి నేననుకున్న చోటే ఆగుతోంది. నేర్చుకునేవాళ్ళు నోరెళ్ళబెట్టి చూస్తున్నారు. రోజూ పొద్దున్నే ప్రార్థన అయ్యాక గది తలుపేసుకుని, ఫోన్ ఎదురుగా పెట్టి వీడియో తీసుకుంటూ నవ్వుతాను. వంటింట్లోంచి అమ్మ విని, "పోన్లే, పిల్ల నవ్వుతోంది, దేవుడికి స్తోత్రం" అంటుంది. ఆ వీడియోలు ఆవిడకి చూపించను. అన్నిట్లోనూ పెదాలు మూసుకునే ఉంటాయి. కళ్ళైతే తెరిచే ఉన్నాయి కదా అని నాకు నేను ధైర్యం చెప్పుకునేదాన్ని.

ఇవాళ్టి వీడియోలో కళ్ళు కూడా మూసుకున్నాయి.