జాలీ అవతలి గొంతు

మూడు రోజులుగా వదలని ముసురు. మధ్యాహ్నానికే దీపం వేసుకున్న ఆ మేడమీది గదిలోకి ఒకావిడ తడిసిన గొడుగుతో సహా వచ్చి, కూర్చోమనేలోపే కూలబడింది. యాభై దాటిన మనిషి. ఊళ్ళో ఆసుపత్రిలో మందులిచ్చే కాంపౌండరమ్మ.

"నా పాపం ఎవరో విన్నారు సార్," అంది.

టైపిస్టు కాగితం ఎక్కించి సిద్ధంగా కూర్చుంది. పన్నెండేళ్ళు కోర్టు కాగితాలు కొట్టికొట్టి, విసిగి ఈ డిటెక్టివ్ దగ్గర చేరిన మనిషి ఆమె. ఊరు ఆయనకు పెట్టిన పేరు నిదానం. ఇల్లంటుకున్నా చెప్పులు వెతుక్కునే బయటికొస్తాడని వేళాకోళం. ఆ నిదానం వెనక ఏముందో ఎరిగింది టైపిస్టు ఒక్కతే.

"మొదట్నుంచీ చెప్పమ్మా," అన్నాడాయన.

"పోయిన శనివారం నాలుగింటికి చర్చి గుళ్ళో పాపసంకీర్తనం చేశాను, నా పాపం ఒప్పుకున్నాను. అడ్డున్న చెక్క జాలీ అవతల ఫాదర్ ఉన్నారనే అనుకున్నా. మర్నాడు పూజలో ఆయనే చెప్పారు, శనివారం పొద్దున్నించి చీకటిపడేదాకా పక్క ఊళ్ళో ఎవరిదో సమాధి కార్యానికి వెళ్ళానని." ఆమె తడి గొడుగు ఒళ్ళోకి లాక్కుంది. "మరి నేనెవరికి చెప్పుకున్నాను సార్? వారమైంది. ఎవరూ బెదిరించలేదు, ఒక్క మాటా అనలేదు. ఆ మౌనమే నన్ను నమిలేస్తోంది."

"ఏం చెప్పుకున్నారో నాకు తెలియాలి."

కాంపౌండరమ్మ తల దించుకుంది. జ్వరంతో ఉన్న ఒక పిల్లాడికి, తండ్రి వెంట తీసుకొస్తే, పొరపాటున పెద్దవాళ్ళ మందు సీసా ఇచ్చింది. సాయంత్రం సీసాలు సర్దుతుంటే తప్పు తెలిసింది. చీటీ మీది చిరునామా పట్టుకుని పరుగున వాళ్ళ ఇంటి గేటుదాకా వెళ్ళింది. ఉద్యోగం పోతుందని భయపడి వెనక్కి తిరిగింది. తెల్లారేసరికి పిల్లాడు లేడు. జ్వరమే మింగేసిందనుకున్నారందరూ. ఆ వీధి మొహం మళ్ళీ చూడలేదామె, తల్లెవరో కూడా ఎవర్నీ అడగలేదు.

"చెయ్యి తప్పడం పాపం కాదు సార్. తెలిసీ గేటు దగ్గర్నించి తిరిగొచ్చానే, అదీ చావైన పాపం, ఆత్మనే చంపే పాపం. అప్పట్నుంచీ పూజలో ఇచ్చే సత్ప్రసాదం నాలుక మీద పెట్టుకోలేదు."

"అవతలివాళ్ళు ఏమన్నారు?"

"చాలాసేపు ఏమీ లేదు. ఏదో ఇనుప వస్తువు కిందపడ్డ చప్పుడు. తర్వాత గుసగుసగా, 'పద్దెనిమిదేళ్ళు మోశావా తల్లీ. ఇంటికెళ్ళు' అని. అంతే. పాపవిమోచనం మాటలు చెప్పనే లేదు. గంజి వాసనొకటి వచ్చింది, ఉతికిన బట్టల వాసన."

"ఎన్నేళ్ళయిందో మీరు చెప్పారా?"

ఆమె ఆలోచించింది. "లేదు. చాలా ఏళ్ళ కిందట అన్నాను."

టైపిస్టు వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి.

*

గుడి లోపల వాన వెలుతురు రంగుటద్దాల్లోంచి వడకట్టుకుని దిగుతోంది. నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు అనిపించింది టైపిస్టుకి. అడుగుల చప్పుడు కూడా ఎక్కడో వేరేవాళ్ళదిలా వినిపించింది.

గంటలు కొట్టే తాతే ఎదురయ్యాడు. తాళాలన్నీ ఆయన మొలకే ఉన్నాయి. "ఈయనే అయ్యుంటాడు సార్," అని గొణిగింది టైపిస్టు.

"శనివారం ఇక్కడే ఉన్నారా తాతా?" అని అడిగాడు నిదానం.

"ఏ వారం?" అని తాత అరిచిన అరుపుకి చూరులో పావురాలు లేచాయి. చెవిటి తాత గుసగుసలాడినా ఊరంతా వింటుందని టైపిస్టు తన అనుమానాన్ని తానే కొట్టేసుకుంది.

పాపసంకీర్తన గదిలో గురువు, అంటే ఫాదర్, కూర్చునే వైపు కొత్త ఊదారంగు తెర వేలాడుతోంది. పది రింగుల్లో నాలుగే కడ్డీకి ఎక్కాయి. మిగతా ఆరూ వదిలేసినట్టు జారిపోయి ఉన్నాయి. కుర్చీ ముందు పొట్టి పీట ఒకటుంది. ఫాదర్ చూస్తే ఆరడుగుల మనిషి.

"ఇది మీదేనా ఫాదర్?"

"నాకెందుకండీ పీట? మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి," అని నవ్వాడాయన.

నిదానం ఇంకేమీ అడగలేదు. పద్దెనిమిదేళ్ళ కిందటి సమాధుల పుస్తకం మాత్రం తెప్పించుకుని, ఒక పేజీలో వేలు పెట్టి పేర్లు చదువుకున్నాడు.

*

మర్నాడు మధ్యాహ్నం అందర్నీ గుళ్ళోనే కూర్చోబెట్టాడు. ఫాదర్, తాత, కాంపౌండరమ్మ, పీఠం గుడ్డలు ఉతికి పువ్వులు సర్దే ముసలావిడ. ఆవిడ ఊరందరికీ పిన్నమ్మ.

"ఈమె ఏం చెప్పుకుందో ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు," అని మొదలుపెట్టాడు నిదానం. "ఎవరు విన్నారన్నదే ప్రశ్న. గుసగుసలో ఆడా మగా తేడా తెలీదు. ఆ కుర్చీలో ఉండేది గురువేనని మనమే అనుకుంటాం. తెర కడుతూ కడుతూ మధ్యలో ఆగిపోయిన మనిషి, కాళ్ళు నేలకందక పీట వేసుకున్న మనిషి, చేతిలో కత్తెర జారవిడిచిన మనిషి, గంజి పెట్టిన బట్టల మధ్య బతికే మనిషి. మోసం చేద్దామని కూర్చోలేదు. 'నేనిక్కడ ఉన్నాను' అని చెప్పబోయేలోపే లేవనివ్వని మాటొకటి చెవిన పడింది. ఏళ్ళ లెక్క మాత్రం ఆమె చెప్పకుండానే తెలుసు."

పిన్నమ్మ పైటకొంగు వేలికి చుట్టుకుంటూ ఫాదర్ వైపు తిరిగింది. "గురువుగారూ, తాతని తీసుకుని కాస్త పక్క గదిలోకి వెళ్తారా? పాపసంకీర్తనం పొరపాటున విన్నా బయటపెట్టకూడదని మీరే చెప్పారు. అందుకే వారమంతా నోరు కట్టుకున్నా. చెప్పుకున్న మనిషితో మాట్లాడొచ్చుగా, ఆమె సరేనంటే."

కాంపౌండరమ్మ తల ఊపింది. వాళ్ళు వెళ్ళారు. నిదానమూ టైపిస్టూ వెనక బెంచీకి జరిగారు.

"ఆ పిల్లాడు నా కొడుకమ్మా," అంది పిన్నమ్మ.

కాంపౌండరమ్మ కూర్చున్నచోటు నుంచి నేల మీదికి జారిపోయింది.

"లే. నేను చెప్పేది విను. ఆ రాత్రి ఆరు గంటలకోసారి మందు పట్టమన్నారు. నేను నిద్రపోయా. ఒక మోతాదు తప్పింది. నా నిద్రే వాణ్ణి చంపిందనుకున్నా. ఎన్నిసార్లు ఈ జాలీ ముందు మోకరించానో దేవుడికి తెలుసు. క్షమించాడని గురువులు చెప్తూనే ఉన్నారు, నాకే చెవికెక్కలేదు. వారం నుంచి నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నా. కానీ మొన్న మధ్యాహ్నం కునుకు పట్టింది. పగలు కన్ను మూతపడి పద్దెనిమిదేళ్ళయింది."

"నన్ను క్షమించమని అడగడానికి నాకు నోరు రావట్లేదు పిన్నమ్మా."

"ఇవ్వాళే ఇమ్మంటే ఆ క్షమ నా దగ్గరా లేదు. ముందు లోపలికెళ్ళు. ఈసారి ఫాదరే ఉంటారు. నేనిక్కడే ఉంటా."

ఫాదర్ వచ్చి కూర్చున్నాడు. తెర వెనక చాలాసేపు గొంతులు నీటి గుసగుసలా సాగాయి. టైపిస్టు వినకుండా ఉండటానికి వాన చప్పుడు లెక్కపెట్టింది.

కాంపౌండరమ్మ బయటికొచ్చేసరికి ముఖం కడిగిన పలకలా ఉంది. పిన్నమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది.

"వాణ్ణి తండ్రి తీసుకొచ్చాడు. నేను రాలేదు," అంది పిన్నమ్మ. "మందుల కిటికీ దగ్గర వాడేం చేశాడు? ఏడ్చాడా?"

"లేదు. ఖాళీ సీసా మూత ఒకటి అడిగాడు. ఇచ్చాను. పెదాలకి ఆనించుకుని ఈల వేశాడు."

"వాడికి ఈల రాదే."

"వచ్చిందమ్మా. వీధి మలుపు తిరిగేదాకా వినిపించింది."

పిన్నమ్మ కళ్ళు మూసుకుంది. "ఎలా వేశాడో చెప్పు," అంది, "మొదటి నుంచీ చెప్పు."